అలుపు లేని దరువు

రేవ్ పార్టీ అన్న మాట మన ఇళ్లలోకి పోలీసుల వార్తగానే వచ్చింది. 2024 మేలో బెంగళూరు శివారు ఫామ్‌హౌస్ మీద దాడి జరిగినప్పుడు తెలుగు చానెళ్లు రోజుల తరబడి అదే చూపించాయి. ఎవరెవరు ఉన్నారు, ఎవరి రక్తంలో ఏం దొరికింది అన్నదే మాట. అక్కడ ఏ పాట మోగింది, తెల్లవార్లూ ఎగిరినవాళ్లకి ఆ ఎగరడంలో ఏం దొరికింది అని ఒక్కరూ అడగలేదు. మత్తుమందు నేరం, దాని సంగతి చట్టం చూసుకుంటుంది. ఆ అడగని ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. ఎందుకంటే ఏ మత్తూ లేకుండా ఆ ఎగురుడు ఎగిరినవాణ్ణి నేను. తడ పక్కన పులికాట్ ఒడ్డు పాలెంలో, ఆడి నెల గంగమ్మ జాతరలో, డీజే బండి ముందు.

తడ రాష్ట్రానికి దక్షిణపు అంచు. ఆరంబాక్కం చేరితే తమిళనాడు. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, ఎవరైనా అడిగితే నోట్లోంచి ఇప్పటికీ నెల్లూరనే వస్తుంది. పడమట శ్రీసిటీ ఫ్యాక్టరీలు, తూర్పున సరస్సు, దాని అవతల శ్రీహరికోట. అక్కడ రాకెట్ లేచినప్పుడు మాకు ముందు వెలుగు కనిపిస్తుంది. నిమిషం దాటాక గాని శబ్దం రాదు. వచ్చాక కిటికీ రెక్కలు అదురుతాయి, పక్కటెముకల్లో ఏదో కదులుతుంది. శబ్దం ఒంటికి కూడా తగులుతుందని ఇక్కడి పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి ముందు తప్పెట్లు మోగాయి. అంబళ్లు పోయడం అయిపోయింది, వేపమండలు కట్టిన పందిట్లో పెట్రోమాక్సుల బదులు ఎల్‌ఈడీ దీపాలు. తప్పెటగాళ్లు గుడి ముందు వరసగా నిలబడి మెల్లగా మొదలుపెట్టారు. ఎవరైనా అడుగు వేస్తే వాయించేవాళ్ల చూపు ఆ అడుగు మీదికి పోతుంది. అడుగు వేగమైతే దరువు వేగమవుతుంది, కాలు తడబడితే దరువు కాస్త వెనక్కి తగ్గి దాన్ని పట్టుకుంటుంది. కాసేపటికి జనంలోంచి ఒకామెకి పూనకం వచ్చింది. మామూలప్పుడు చేపల గంప దించి చీర కొంగు సర్దుకుని తలొంచుకుని పోయే మనిషి, జుట్టు విరబోసుకుని ఊరందరి ముందూ ఎగిరింది. మా వైపు ఆడమనిషి అట్టా ఎగరగలిగే రాత్రి అదొక్కటే. ఇద్దరు ఆడవాళ్లు ఆమె నడుముకి చేతులు అడ్డం పెట్టారు. పెద్దావిడ ఒకామె ముందుకొచ్చి "ఎవరు తల్లీ నువ్వు, ఏం కావాల?" అని అడిగింది. అడగాల్సినవి అడిగి, చెప్పించాల్సినవి చెప్పించి, పసుపు నీళ్లు చల్లి, కర్పూర హారతి కళ్ల ముందు తిప్పింది. తప్పెట్లు ఆ హారతి చూసే ఆగాయి. ఆమె కూలబడింది. ఎవరో మంచినీళ్లు తాగించారు, ఇంకెవరో జుట్టు ముడేశారు.

నేను ఆ సంగతినే ఇన్నాళ్లూ తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాను. పూనకాన్ని నమ్మాలా, వద్దా అన్నది నాకు ముఖ్యం కాదు. తనని తాను వదిలేసిన మనిషి చుట్టూ ఎంతమంది మెలకువగా ఉన్నారో అది ముఖ్యం. వాయించేవాడు, పట్టుకునేవాళ్లు, అడిగే పెద్దావిడ, నీళ్లిచ్చే చెయ్యి. ఆమె ఒక్కతే మైమరిచింది, అందుకోసం ఐదారుగురు తమ ఒళ్లు మరవకుండా నిలబడ్డారు.

పది దాటాక తప్పెట్లు పక్కకి జరిగాయి, డీజే బండి ముందుకొచ్చింది. చిన్న ట్రాలీ వాహనం మీద మనిషెత్తు బాక్సులు, వెనక జనరేటర్, పైన ల్యాప్‌టాప్ ముందు ఇరవై దాటని కుర్రాడు. మొదట సినిమా పాటలు వేశాడు. ఆ తరువాత పాటలోంచి మాటలు తీసేసి దరువు మిగిల్చాడు, ఆ దరువుని తొక్కి తొక్కి వేగం పెంచాడు. రోడ్‌షో మిక్స్ అంటారు దాన్ని. తీన్‌మార్ అడుగున ఉంటుంది, దాని మీద ఇనుముని ఇనుముతో కొట్టినట్టుండే బేస్ దెబ్బ. ఆ తీన్‌మార్‌లో హైదరాబాద్ మర్ఫా ఉంది, మర్ఫాలో నిజాం కొలువుకి వచ్చిన ఆఫ్రికా సిద్దీలూ యెమెన్ అరబ్బులూ తెచ్చిన దరువు ఉంది. తడ పాలెం కుర్రాడికి ఆ చరిత్ర అక్కర్లేదు, ఆ దెబ్బ చాలు. నిమిషానికి 160కి దగ్గర్లో పడుతున్నాయి దెబ్బలు. పరుగెత్తే కుర్రవాడి గుండె కొట్టుకునే వేగం అది.

నేనూ దిగాను. మొదట సిగ్గు, ఆ తరువాత ఆయాసం, ఆ రెండూ దాటాక జరిగింది చెప్పడం కష్టం. ఆనందం అనలేను. ఆనందంలో ఆనందపడేవాడు ఒకడుంటాడు, ఇక్కడ వాడు కనపడలేదు. రోజంతా తలలో వాగే గొంతు, ఏం చేశావు, ఏం చెయ్యలేదు, ఎవరేమనుకుంటారు అని లెక్కలు తీసే గొంతు, దానికి చోటు దొరకలేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు లేనంత వేగం కదా, ఆలోచన దూరడానికి దారేది? కాళ్లు మాత్రం తప్పు లేకుండా పడుతున్నాయి. పక్కవాడి భుజం, నా భుజం ఒకే ఊపున లేస్తున్నాయి. ధ్యానంలో మౌనంతో చేరే చోటికి మోతతోనూ దారి ఉందని అప్పుడు అనిపించింది. ఇప్పటికీ ఆ మాటకి కట్టుబడి ఉన్నాను. చుట్టూ ఉన్న కుర్రాళ్లలో సగం మంది శ్రీసిటీలో పని చేసేవాళ్లు. అక్కడ బళ్లు తయారవుతాయి, ఏసీలు తయారవుతాయి, చాక్లెట్లు తయారవుతాయి. షిఫ్టంతా లైను వేగానికి చేతులు కదిపినవాళ్లు ఆ రాత్రి మళ్లీ యంత్రం వేగానికే ఒళ్లంతా కదిపారు. ఈసారి వాళ్ల ఇష్టంతో, వాళ్ల కోసం.

ఇది తడలో పుట్టిన సంగతి కాదు. 1990ల మొదట్లో నెదర్లాండ్స్ రేవు నగరం రాటర్‌డామ్‌లో పాల్ ఎల్‌స్టాక్ లాంటి డీజేలు ఇలాంటి మోతనే పట్టుకున్నారు. జపాన్ రోలాండ్ కంపెనీ 1983లో తెచ్చిన టీఆర్-909 డ్రమ్ యంత్రంలో ఒక మద్దెల దెబ్బ ఉంది. దాన్ని ఆంప్లిఫయర్ ఓర్చుకోలేనంత పెంచితే శబ్దం చిట్లి, మొరటుగా, గోడలా వస్తుంది. ఆ చిట్లిన దెబ్బే హార్డ్‌కోర్. నిమిషానికి 160 నుంచి 200 దాకా, ఒక్కోసారి ఇంకా పైకి. 1992 అక్టోబర్ 3న హీరెన్‌వేన్ పట్నంలో మంచు స్కేటింగ్ స్టేడియంలో థండర్‌డోమ్ అనే హార్డ్‌కోర్ పార్టీ మొదటిసారి జరిగింది. గుండ్లు గీయించుకుని, ట్రాక్ సూట్లు తొడుక్కుని, మడమలతో నేలని తన్నుతూ చిన్న చిన్న అడుగులతో ఎగిరిన ఆ పిల్లల వీడియోలు నేను చూశాను. వాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు. మా పాలెంలో డీజే మొదలవగానే అమ్మాయిలు పందిరి గుంజల వెనక్కి వెళ్లిపోయారు. అంతకు ముందే జుట్టు విరబోసుకుని ఎగిరినామె కూడా అక్కడే, మడికట్టుకున్నట్టు నిలబడి చూసింది. అమ్మవారి పేరు మీద ఉన్న రక్షణ డీజే ముందు లేదు. పట్టుకునేవాళ్లు లేనిచోట ఆడపిల్ల ఒళ్లు మరిచే ధైర్యం ఎట్టా చేస్తుంది?

ఆ యంత్రపు రాత్రులకి కాపలా ఎవరని యూరప్ కూడా తర్జనభర్జన పడింది. బ్రిటన్‌లో 1992 మేలో కాసిల్‌మోర్టన్ మైదానంలో వేలమంది రోజుల తరబడి పాటలు పెట్టుకుని ఎగిరారు. రెండేళ్లకి, 1994లో, వచ్చిన చట్టం ఒకే రకంగా తిరిగి తిరిగి మోగే దరువునే నిర్వచనంలో పెట్టి, ఆరుబయట రాత్రిపూట అలా గుమిగూడితే చెదరగొట్టే అధికారం పోలీసులకి ఇచ్చింది. ఒక సంగీతపు లయని చట్టంలో రాసి మరీ అడ్డుకున్నారంటే దానికి ఎంత భయపడ్డారో! అదే కాలంలో అక్కడి ఆరోగ్య కార్యకర్తలు వేరే దారి పట్టారు. క్లబ్బుల్లో మంచినీళ్లు ఉచితంగా పెట్టమన్నారు, చల్లగా కూర్చునే గది ఒకటి ఉంచమన్నారు, పడిపోయినవాణ్ణి చూసే మనుషుల్ని నిలబెట్టమన్నారు. ఎండీఎంఏ అనే మత్తుబిళ్ల ఒంటి వేడిని పెంచుతుంది. ఇరుకు గదిలో గంటల తరబడి ఎగిరితే ఆ వేడికి మనిషి పోతాడు. 1995లో ఇంగ్లండ్‌లో 18 ఏళ్ల అమ్మాయి ఆ బిళ్ల వేసుకుని, నీళ్లు మరీ ఎక్కువ తాగి చనిపోయింది. పక్కన తెలిసినవాళ్లు ఉండటమంటే నీళ్లివ్వడం ఒక్కటే కాదు, ఎన్ని నీళ్లో తెలియడం కూడా.

మన ఫామ్‌హౌస్ పార్టీల్లో నాకు అన్నిటికంటే భయం కలిగించేది గేటుకి వేసిన తాళం. మత్తు ఉంది కాబట్టి దాపరికం. దాపరికం ఉంది కాబట్టి ఎవడికైనా ఊపిరి అందకపోతే అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి చేతులు వణుకుతాయి. జాతరలో మైమరుపుకి ఊరు సాక్షి. ఫామ్‌హౌస్‌లో సాక్షులే లేకుండా చూసుకుంటారు.

ఊరు సాక్షిగా ఉన్నా నెప్పి లేదని కాదు. ఆ జాతర రాత్రి పందిరికి నాలుగిళ్ల అవతల ఒక ముసలాయన మంచం మీద లేచి కూర్చుని ఛాతీ పట్టుకున్నాడు. ఆయన కొడుకు వచ్చి దణ్ణం పెట్టి మరీ బతిమాలాడు, "అన్నా, నాయనకి గుండె జబ్బు, కొంచెం తగ్గించండన్నా" అని. డీజే కుర్రాడు తగ్గించాడు. పావుగంటకి మళ్లీ పెంచాడు, కాదు, జనమే పెంచమని అరిచారు. దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వద్దంటాయి. ఏడాదికి 15 రోజులకి మించకుండా, పండగలకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది. 2005లో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. చెవి సంగతి చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికలకి పెట్టిన హద్దు పావుగంట సగటున 100 డెసిబెల్స్. మనిషెత్తు బాక్సుల ముందు నిలబడినవాడికి ఆ హద్దు ఎప్పుడు దాటిందో తెలియదు. తెల్లారాక చెవుల్లో మోగే ఈల చెబుతుంది.

ముసలాయన రాత్రి, ఎగిరే కుర్రాడి రాత్రి, రెండూ నిజమైనవే. ఒకదాని కోసం రెండోదాన్ని కొట్టిపారేసేవాళ్లతో నాకు పొసగదు. నిషేధంతో కుర్రాళ్ల ఒంట్లో ఉన్న ఆ ఆకలి పోదు, గేటు వెనక్కి పోతుంది.

దీనికి దారి నాకు చూపించింది తప్పెటగాడే. డీజే మోగుతుండగా ఆయన వేపచెట్టు కింద తప్పెట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఆరిపోవచ్చిన గడ్డిమంట. పులికాట్ గాలిలో తేమకి తోలు ఊరికే వదులవుతుంది. అరగంట వాయిస్తే మళ్లీ మంట దగ్గర కాచాల్సిందే, లేకపోతే పలకదు. డీజే వచ్చాక మీకు పని తగ్గిందా పెద్దాయనా అని అడిగాను. తగ్గిందన్నాడు. వెనకటి జాతరల్లో తెల్లవార్లూ వాయించేవాళ్లట, ఇప్పుడు అమ్మోరి ముందు ఒక గంట, ఊరేగింపులో ఒక గంట. డబ్బులు కూడా దానికి తగ్గట్టే. ఆ తరువాత బండి వైపు గడ్డం ఎత్తి చూపించి అన్నాడు.

"దానికి అలుపు రాదు గదా నాయనా. మాకొస్తాది. మేం తప్పెట కాచుకోను కూసుంటే జనం గూడా కూసుంటారు. బిడ్డలు నిద్రబోతారు. నీళ్లు తాగుతారు. మళ్లా లేస్తారు. దానికాడ ఎవురు కూసుంటారు?"

నేను చదివిన పుస్తకాల్లో యంత్రం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పిన గుర్తు లేదు. తప్పెట మోతకి హద్దు పెట్టింది పోలీసూ కాదు, పెద్దమనుషులూ కాదు. తడిసే తోలు, నెప్పెట్టే భుజం. ఆ రెండూ కలిసి ఊరికి ఊపిరి పీల్చుకునే సందు ఇచ్చాయి. ఆ సందులోనే ముసలాయన కాస్త కునుకు తీసేవాడు, ఆ సందులోనే మైమరిచినవాడు తిరిగి తన పేరు గుర్తు తెచ్చుకునేవాడు. యంత్రంలో ఆ సందు లేదు కాబట్టి మనమే కోసి పెట్టాలి. రాటర్‌డామ్ వేగం నాకు ఇష్టమే, ఆ గోడలాంటి దెబ్బ ఇష్టమే. దాన్ని మోసే మనుషులు, దాన్ని ఆపే మనుషులు ఎవరో ముందే అనుకోకుండా స్విచ్ వేయడం మాత్రం ఇష్టం లేదు.

జాతర అయ్యాక కమిటీలో ఉన్న మామతో ఇదే అన్నాను. డీజేని వద్దనొద్దు, అరగంట మోగాక ఆపించి తప్పెట్లు పెట్టించు, వాళ్లకి తెల్లవార్లూ వాయించినట్టే లెక్కకట్టి డబ్బులివ్వు, బాక్సులు ఇళ్ల వైపు కాకుండా సరస్సు వైపు తిప్పించు, అర్ధరాత్రికి ముగించు, అమ్మాయిలు ఎగరాలంటే పక్కన నిలబడే పెద్దావిడలు ఉండేట్టు చూడు అని. మామ అన్నీ విన్నాడు. బాక్సులు తిప్పడానికి ఒప్పుకున్నాడు. తప్పెట్ల డబ్బులకి చందా పెంచాలన్నాడు, పెంచితే నేనే ముందు రాయాలన్నాడు, రాశాను. అమ్మాయిల మాట దగ్గర మాత్రం పక్కకి చూసి, "దానికింకా టైముందిలేరా" అన్నాడు. అక్కడే కూర్చుని ఉన్న మా అత్త మటుకు ఆ మాట ఒప్పుకోలేదు. "టైమెందుకు? నేను నిలబడతా" అంది.