బ్యాగు ఎవరిని కాపాడాలి?

మా ఇంట్లో తలుపు వెనక మూడు మేకులున్నాయి. మూడింటికీ మూడు బ్యాగులు. ఒకటి అక్కది, ఒకటి నాది, అన్నిటికన్నా కింద లావు మేకుకు వేలాడేది నాయనది. ఈసారి పత్రికకు "విలువ" అనే మాట మీద వ్యాసం రాయమని తెలుగు టీచరు చెప్పినప్పుడు మా తరగతిలో కొందరు స్నేహం అన్నారు, కొందరు సమయం అన్నారు. నేను మా ఇంటి బ్యాగుల గురించి రాస్తానన్నాను. టీచరు నవ్వి, "రాయి, కానీ అంగడివాడి ప్రకటన మాదిరి ఉండకూడదు" అన్నారు. అట్లా ఉండదులెండి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది తప్పా కాదా అన్నదే నా ప్రశ్న.

మేముండేది ఎలక్ట్రానిక్ సిటీలో, కోనప్పన అగ్రహారం వైపు. 1970ల చివర్లో కియోనిక్స్ వాళ్ళు ఈ కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు ఊళ్ళలో 332 ఎకరాలు తీసుకుని ఈ సిటీని మొదలుపెట్టారు. ఆ ఆలోచన ఆర్.కె. బాళిగ గారిదని ఇక్కడ అందరూ చెప్తారు. మా నాయన మదనపల్లె నుంచి ఇక్కడికి వచ్చింది ఏసీలు రిపేరు చేసే పనికి. పొద్దున ఎనిమిదిన్నరకు మా సందు చివర నిలబడితే రోడ్డంతా బ్యాగులే. లాప్‌టాప్ బ్యాగులు, భోజనం పంచే అన్నల నలుచదరం బ్యాగులు, ఆఫీసులు ఊడ్చే అక్కల గుడ్డ సంచులు. ఎవరి వీపు మీద ఏ బ్యాగుందో చూస్తే వాళ్ళ జీతం ఎంతో దాదాపు చెప్పేయొచ్చు. నేనూ నా స్నేహితురాలూ ఈ ఆట ఆడేవాళ్ళం. ఇప్పుడు ఆడటం లేదు.

అక్కకు జులైలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ వాళ్ళు లాప్‌టాప్ ఇచ్చారు. దాంతోపాటు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు: లాప్‌టాప్‌కు ఏమైనా అయితే అక్కే కట్టుకోవాలి. అది చదివి అమ్మకు రెండు రోజులు నిద్ర లేదు. చీర మడతల మధ్య పెట్టి బీరువాలో దాచేది. మంచి బ్యాగు కొనాల్సిందే అని తేలింది. ఇంట్లో అందుకు 2,800 రూపాయలున్నాయి. అందులోనే మిగిలితే నాకూ ఒకటి కొంటామన్నారు. నా పాత బ్యాగుకు జిప్పు పోయి, పిన్నీసులతో నడుస్తోంది.

బ్యాగు ఎంచే పని నాకు అప్పజెప్పారు. ఫోన్లో చదివేది నేనే కదా. పదిరోజులు దాని మీదే కూర్చున్నాను. గుడ్డ మందం డెనియర్ అనే లెక్కలో చెప్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. బ్యాగు గుడ్డ మీద 600 అని, 1000 అని రాసుంటుంది. అంకె పెరిగేకొద్దీ గుడ్డ గట్టిది, కానీ బ్యాగు కూడా బరువెక్కుతుంది. ఒకే మందంలో పాలిస్టర్ కన్నా నైలాన్ రాపిడికి ఎక్కువ ఆగుతుంది. లోపల నీళ్ళు ఇంకకుండా పూత పూస్తారు, అయినా వాన గుడ్డలోంచి రాదు, జిప్పులోంచీ కుట్ల రంధ్రాల్లోంచీ వస్తుంది. అందుకే పైన వాన కవరు ఉండాలి. లాప్‌టాప్ అర బ్యాగు అడుగుదాకా దిగకూడదు, రెండు వేళ్ళ ఎత్తులో ఆగాలి. లేకపోతే బ్యాగు నేల మీద దించిన ప్రతిసారీ ఆ దెబ్బ లాప్‌టాప్‌కే తగులుతుంది. ఈ ఒక్క సంగతి చాలామందికి తెలియదు, మెత్తగా ఉంటే చాలనుకుంటారు.

అన్నిటికన్నా ముఖ్యం, పట్టీ బ్యాగును పట్టుకునే చోటు. బ్యాగులు ఎక్కువగా చిరిగేది గుడ్డలో కాదు, అక్కడ. ఆ చోట ఒక్క వరస కుట్టు ఉంటే లాభం లేదు. దగ్గరదగ్గరగా అడ్డంగా, మందంగా కుట్టుండాలి. దర్జీలు బార్‌టాక్ అంటారు. బయట చూస్తే తెలియదు. లోపలివైపు తిప్పి, గోరు పెట్టి పోగులు లేస్తున్నాయేమో చూడాలి.

ఆదివారం అందరం అంగడికి పోయాం. నేను ఒక్కొక్క బ్యాగునూ లోపలికి తిప్పి చూస్తుంటే అంగడాయన విసుక్కున్నాడు. నాయన మాత్రం "చూడనీలేప్పా, ఇంజనీరు" అని ఆయనకు సర్దిచెప్పినాడు. అక్కకు 1,850 రూపాయలది, నాకు 900 రూపాయలది తీసుకున్నాం. యాభై రూపాయలు మిగిలాయి. టీ తాగాం.

ఇప్పుడు నా తప్పు. ఆ రోజు ఇంటికొచ్చి కొత్త బ్యాగు మేకుకు తగిలిస్తుంటే, కింద నాయన బ్యాగు కనబడింది. రోజూ ఉండేదే. కానీ పదిరోజులుగా కుట్లు చూసీ చూసీ నా కళ్ళు మారిపోయాయి. ఎడమ పట్టీ పైన కుట్టు సగం లేదు. మిగిలిన సగంలో పోగులు బయటికొచ్చి ఉన్నాయి. వేలు పెడితే దూరింది. ఎక్కువ రోజులు ఆగదని నాకు బాగా తెలుసు. ఇంట్లో ఆ సంగతి అంత బాగా తెలిసింది నా ఒక్కదానికే.

నేను చెప్పలేదు.

ఎందుకో నిజంగా రాస్తాను. చెప్తే నా బ్యాగు తిరిగి ఇచ్చేస్తారు. అంగడి చీటీ ఇంకా అమ్మ కొంగులోనే ఉంది. నేను ఆ రాత్రే బ్యాగు మీద నా పేరు స్కెచ్ పెన్నుతో రాసేశాను. పేరు రాస్తే అంగడిలో వాపసు తీసుకోరు. అది కావాలని చేశానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కావాలనే చేశాను.

మూడు వారాలకు సిల్క్ బోర్డు దగ్గర బస్సు దిగుతుండగా పట్టీ తెగింది. లోపల స్పానర్లు, గ్యాసు గేజీలు, రెంచీలు, అన్నీ ఇనుమే. వాటికేమీ కాలేదు. వాటి కింద కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉండేది. దాని అద్దం పగిలి, అంకెలు రావడం మానేశాయి. అది లేకుండా పనికి పోలేడు. కొత్తది కొనేదాకా రెండు రోజుల పని పోయింది. నాయన ఇంటికి బ్యాగును బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వచ్చినాడు. అమ్మ అడిగితే, "పాతది కదా, తెగింది" అన్నాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి నాకు తెలుసని ఎవరికీ తెలియదు కదా.

నా స్నేహితురాలికి చెప్తే, "నువ్వేమన్నా కత్తిరించినావా? చూసినావంతే" అంది. ఆ మాట కొన్ని రోజులు నాకు హాయిగానే ఉంది. కానీ ఆలోచిస్తే నిలబడలేదు. దారిలో గుంత ఉందని తెలిసి, వెనక గుడ్డివాడు వస్తున్నా చెప్పకుండా పోతే, గుంత నేను తవ్వలేదనడం ఏం జవాబు? తెలియనివాడికి లేని బాధ్యత తెలిసినవాడికి ఉంటుంది. నాకు డెనియర్ గురించి, బార్‌టాక్ గురించి తెలియకపోయి ఉంటే నేను తప్పు చేసినదాన్ని కాను. చదువు వచ్చి నన్ను తప్పుచేసినదాన్ని చేసింది అనుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

కానీ ఇంకొకటి కూడా ఉంది. అది నా ఒక్కదాని తప్పు కాదు. 2,800 రూపాయలు పంచుకునేటప్పుడు మాలో ఎవరికీ నాయన బ్యాగు గుర్తుకే రాలేదు. అక్కను అడిగితే, "లోపల ఉన్నదాని ధరను బట్టి కదే బ్యాగు కొంటాం, లాప్‌టాప్ ఎంత, స్పానర్లు ఎంత?" అంది. ఆ లెక్క పైకి సరిగ్గానే ఉంది. ఊళ్ళో అందరూ అట్లానే కొంటారు. కానీ లాప్‌టాప్ కంపెనీది, స్పానర్లు మావి. లాప్‌టాప్ ఒకరోజు లేకపోయినా అక్క జీతం ఆగదు. మీటరు ఒకరోజు లేకపోతే నాయన కూలి ఆగుతుంది. మరి ఏది విలువైంది? అక్క దీనికి కొంచెంసేపు ఆలోచించి, "పగిలితే నేను కట్టాలి కదా" అంది. అదీ నిజమే. అక్కను తప్పు పట్టలేను.

ధరను పక్కన పెట్టి బరువు చూద్దామని, పాత పేపర్ల అంగడిలో వేలాడే త్రాసుకు మూడు బ్యాగులూ తగిలించాను. అక్కది 3 కిలోల 100 గ్రాములు. నాది 5 కిలోల 200. నాయనది 11 కిలోల 400. నాయన బరువు 57 కిలోలు. అంటే తన బరువులో ఐదో వంతు రోజూ ఒక భుజం మీద మోస్తున్నాడు. మా పిల్లల బ్యాగుల గురించి పెద్దవాళ్ళు చాలా ఆలోచించారు. రచయిత ఆర్.కె. నారాయణ్ గారు 1989లో రాజ్యసభలో మాట్లాడింది బడి సంచుల బరువు గురించే. తర్వాత యశ్‌పాల్ కమిటీ 1993లో భారం లేని చదువు కావాలని నివేదిక ఇచ్చింది. 2020లో కేంద్రం తెచ్చిన బ్యాగుల విధానం ప్రకారం పిల్లల సంచి వాళ్ళ బరువులో పదో వంతు దాటకూడదు. 9, 10 తరగతులకు రెండున్నర నుంచి నాలుగున్నర కిలోలు. ఈ లెక్కన నాదే ఎక్కువుంది (టీచర్లు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను). పనికి పోయేవాళ్ళ బరువుల గురించి కూడా ప్రపంచ కార్మిక సంస్థ 1967లో ఒక ఒప్పందం చేసింది. కానీ మా సందులో ఉదయం నడిచేవాళ్ళ భుజాలను ఎవరూ తూచడం నేను చూడలేదు. మేమే తూచలేదు, ఇంట్లోవాళ్ళం.

నాయన ఎడమ భుజం మీద పట్టీ పడే చోట చర్మం నల్లగా, గట్టిగా ఉంటుంది. చిన్నప్పుడు నేను అది పుట్టుమచ్చ అనుకునేదాన్ని.

ఆ త్రాసు రోజు రాత్రి నాయనకు చెప్పేశాను. ఆయన అన్నం తింటున్నాడు. "నాయనా, ఆ పట్టీ పోతాదని నాకు ముందే తెలుసు. నా బ్యాగు వాపసు ఇచ్చేస్తారని చెప్పలేదు" అన్నాను. ఇంత చిన్న వాక్యానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది.

నాయన తల ఎత్తకుండా, "నాకూ తెలుసులేమ్మా" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"నా భుజం మీదిది నాకు తెలీదా? అంగడిలో నువ్వు ఆ కుట్లన్నీ చూపిస్తాంటే నాది గుర్తొచ్చింది. చెప్తే నువ్వు నీ బ్యాగు వద్దంటావని ఊరికే ఉంటి."

అప్పటినుంచి నేను దీని గురించే ఆలోచిస్తున్నాను. ఒకే కుట్టు, ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ చెప్పలేదు. బయటివాళ్ళకు రెండూ ఒకటే మౌనం. ఆయన నా కోసం ఊరుకున్నాడు, నేనూ నా కోసమే ఊరుకున్నాను. చెప్తే నేను బ్యాగు వద్దంటానని ఆయన అనుకున్నాడు చూడండి, అది నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. ఆయన అనుకున్న అమ్మాయిని కాను నేను ఆ రోజు. అమ్మ మాత్రం ఇద్దరినీ కలిపి తిట్టింది. "ఒక మాట నోట్లోంచి రావడానికి ఏం రోగం? ఎవరు ఎవరికోసం ఊరుకుంటే ఏంది, మీటరు పగిలింది కదా" అంది. నాయన మంచితనం కూడా ఒక రకంగా తప్పేనా అని నేను అమ్మను అడిగాను. గిన్నెలు కడగమంది.

కొత్త బ్యాగు కొనడానికి ఈ నెల కుదరలేదు. నాయన బ్యాగును వీధి మలుపులో చెప్పులు కుట్టే తాత దగ్గరికి నేనే తీసుకుపోయాను. పట్టీ కింద తోలు ముక్క పెట్టి, నైలాన్ దారంతో రెండు వరసలు, మీద అడ్డంగా ఇంకో వరస కుట్టమన్నాను. తాత "నీకెవరు నేర్పించినారు?" అని అడిగి, 60 రూపాయలు తీసుకున్నాడు. తెగిన పట్టీనే కాక రెండో పట్టీని కూడా భుజానికి వేసుకోమని నాయనకు చెప్పాను. బస్సులో ఎక్కి దిగేటప్పుడు కుదరదంటాడు. రోజూ అక్కరలేని పెద్ద రెంచిని మాత్రం ఇంట్లో పెట్టి పోతున్నాడు. కొత్త మీటరును నా పాత స్వెటరులో చుట్టి, పైన పెట్టాను.

ఆదివారం పూట మూడు బ్యాగులూ లోపలికి తిప్పి చూడటం ఇప్పుడు నా పని. మొన్న నాయన బ్యాగు కుడి పట్టీ కింద ఒక పోగు లేచి కనబడింది. ఈసారి చెప్పాను. అక్క వాళ్ళ కంపెనీ బస్సుకు టైమవుతోందని, "సాయంత్రం తాత దగ్గరికి నేను తీసుకుపోతాలే" అని అరుస్తూ మెట్లు దిగింది.