మా చంటికి ఏం వచ్చు?

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా, వరండాలో కూర్చున్న మా తమ్ముణ్ణి చూసి వాళ్ళు గొంతు తగ్గించేలోపే నేను మొదలుపెట్టేస్తాను. "ఆటిజం అండీ. ఎలాన్ మస్క్ లేడూ, ఆయనకీ ఈ కోవదే. 2021లో టీవీ షోలో ఆయనే చెప్పుకున్నాడు." ఎదుటివాళ్ళ కనుబొమలు కాస్త లేస్తే ఇంకో రెండు పేర్లు వేస్తాను. సినిమాలంటే ఇష్టమున్నవాళ్ళకు ఆంథొనీ హాప్కిన్స్. లెక్కల మాస్టారు వస్తే, 2004లో పై విలువను 22,514 అంకెల దాకా ఐదు గంటలకు పైగా ఒప్పజెప్పిన డేనియల్ టామెట్. వాతావరణం గురించి మాట్లాడే కుర్రాళ్ళకు గ్రేటా థన్‌బర్గ్. మనిషిని బట్టి పేరు. పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గర కూడా ఇంత సరుకు ఉండదు.

తమ్ముడికి నలభై ఎనిమిదేళ్ళు. బారసాలనాడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఇంట్లోనూ వీధిలోనూ చంటి అనే పిలుస్తారు. 1992లో వెంకటేష్ సినిమా అదే పేరుతో వచ్చాక వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న: "మరి మీ చంటి పాడతాడా?" పాడడు. మన సినిమాల్లో అమాయకుణ్ణి ఉత్త చేతులతో తెర మీదకు పంపరు. చంటికి గొంతు ఇచ్చారు, స్వాతిముత్యం శివయ్యకు బంగారంలాంటి మనసు ఇచ్చారు. మా వాడు రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటులోంచి "దయచేసి వినండి" అన్న ముక్క ఒక్కటి పట్టుకుని రోజంతా అంటుంటాడు. బండి నంబరూ ఉండదు, ఊరి పేరూ ఉండదు. మనసు సంగతంటారా, కోపం వస్తే గిల్లుతాడు.

ఈ పేర్లన్నీ వాడి కోసం చెప్తున్నానని చాలాకాలం అనుకున్నాను. నేను మస్క్ అన్నా టామెట్ అన్నా వాడు తల తిప్పడు. తల తిప్పి చూసేది వచ్చినవాళ్ళు. వాళ్ళ చూపు వాడి మీంచి నా మీదకు మళ్ళేటప్పుడు అందులో జాలి కాస్త తగ్గి ఉంటుంది. ఆ కాస్త కోసమే ఇదంతా.

స్టీఫెన్ విల్ట్‌షైర్ గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లండన్‌లో 1974లో పుట్టాడు. చిన్నప్పుడు మాటల్లేవు. బళ్ళో ఎప్పుడూ బొమ్మలు గీస్తుంటే, అడిగి తీసుకుంటాడేమోనని టీచర్లు కాగితాలు దాచేశారట. అప్పుడు "పేపర్" అన్నాడు. 2005లో టోక్యో మీద హెలికాప్టర్లో కాసేపు తిప్పితే, దిగాక పది మీటర్ల కాన్వాసు మీద నగరాన్నంతా చూడకుండా గీసేశాడు. మర్నాడు పొద్దున్నే డ్రాయింగ్ పుస్తకాలూ రంగు పెన్సిళ్ళూ కొనుక్కొచ్చాను. చంటి ఆ పుస్తకంలోంచి కాగితాలు ఒక్కొక్కటే చింపి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. రాత్రి వాడు పడుకున్నాక ఆ మడతల్ని తీసి ఇటూ అటూ తిప్పి చూశాను. జపాన్ వాళ్ళు కాగితాలతో కొంగలూ కప్పలూ చేస్తారే, అలాంటిదేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. మడతపెట్టిన కాగితాలు, అంతే.

'రెయిన్ మ్యాన్' చూశాక ఇంకో పిచ్చి పట్టుకుంది. ఫలానా తేదీ ఏ వారంరా అని అడిగేదాన్ని. వాడు క్యాలెండరు తగిలించిన మేకు వంక చూసేవాడు. ఆ సినిమా కథకు మూలమైన కిమ్ పీక్‌కి అసలు ఆటిజమే లేదని, మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్ట పుట్టుకతోనే లేదని ఆ తర్వాత తెలిసింది. తెలిశాక ప్రాణం కాస్త తేలికపడింది. పోటీలో ఒకరు తగ్గారు.

వాడికి గోంగూర తుంచడం ఇష్టం. కట్ట ముందు పెడితే లేతదైనా ముదురైనా ఒకే తీరుగా గిల్లుతూ, ఆకులు పళ్ళెంలోకి, కాడలు పక్కకి. ఒకసారి పిన్ని ఫోన్ చేసినప్పుడు, "ఎంత పద్ధతిగా తుంచుతాడో పిన్నీ, ఒక్క పురుగాకు కలవదు" అంటున్న నా గొంతు నాకే వినిపించింది. పురుగాకులు శుభ్రంగా కలుస్తాయి. పొయ్యి మీద పెట్టేముందు నేనే ఏరుకుంటాను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం విడిగా చేరాక సర్టిఫికెట్ మార్పించడానికి వాణ్ణి తీసుకెళ్ళాం. అంతకుముందు కాగితంలో బుద్ధిమాంద్యం అనే ఉండేది. మన దేశంలో ఆటిజం కొలవడానికి వాడే 'ఇసా' అనే పద్ధతిని సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే తయారుచేసింది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. కళ్ళలోకి చూస్తాడా, అన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటాడా, నొప్పి తెలుస్తుందా, ఇలా సాగుతుంది. చిట్టచివరిది, నలభయ్యోది, అసాధారణ ప్రతిభ ఏదైనా ఉందా అని. తమాషా ఏమిటంటే ఈ పరీక్షలో మార్కులు పెరిగిన కొద్దీ తీవ్రత పెరిగినట్టు. 70 నుంచి ఆటిజం మొదలు, 153 దాటితే తీవ్రం. ప్రతిభ ఉంటే అదీ ఆ ఖాతాలోకే.

పరీక్ష చేస్తున్న అమ్మాయి పెన్ను పట్టుకుని, "ప్రత్యేకంగా ఏమైనా వచ్చా అమ్మా? పాటలు, బొమ్మలు, లెక్కలు?" అంది. చంటి బల్ల అంచు మీద గోరుతో గీస్తున్నాడు. గోంగూర అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "లేదండీ" అన్నాను. ఆ గడిలో ఒకటి వేసింది. మిగతా గళ్ళలో నాలుగులూ ఐదులూ పడుతుంటే మామూలుగానే కూర్చున్నదాన్ని, ఈ ఒకటి దగ్గర మనసు చివుక్కుమంది. వాడికి అన్నిటికన్నా తక్కువ తీవ్రత ఉన్న గడి అదే మరి.

నా వరసలో సూసన్ బాయిల్ కూడా ఉండేది. 2009లో బ్రిటన్ టీవీ పోటీ వేదిక మీదకు నలభై ఏడేళ్ళ ఆవిడ నడిచొస్తుంది. జుట్టూ గౌనూ నడకా చూసి హాలు నవ్వుతుంది. పాట ఎత్తుకోగానే నవ్వినవాళ్ళే లేచి నిలబడతారు. పుట్టినప్పుడు మెదడు దెబ్బతిందని చిన్నప్పటి నుంచీ ఆవిడకు చెప్పారట. అది కాదు, ఆస్పర్జర్ అనే ఒక తరహా ఆటిజం అని యాభై దాటాక తేలింది. 2013లో ఆవిడే బయటపెట్టింది. ఆ వీడియో చూసి ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ మధ్య చూస్తుంటే మాత్రం నా మనసు పాట దాకా వెళ్ళడం లేదు, నవ్వు దగ్గరే ఆగిపోతోంది. ఆవిడ గొంతు మామూలుదై ఉంటే? నవ్వినవాళ్ళు నవ్వుకుంటూనే ఇంటికి పోయేవాళ్ళు. పాట ఆ నవ్వును ఆపలేదు, ఆవిడకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. నేను వరండాలో చేసే పనీ అదే. వచ్చినవాళ్ళ లెక్కను లెక్కగానే ఉంచి, మా వాడికి మినహాయింపు అడుగుతాను.

ఈ బేరం నేను కనిపెట్టింది కాదు. హాన్స్ ఆస్పర్జర్ అనే వియన్నా డాక్టరు 1944లో రాసిన పత్రంలో, ఈ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక సమాజానికి పనికొచ్చే స్థానాలకు చేరతారని వాదించాడు. నాజీల నుంచి పిల్లల్ని కాపాడిన మనిషిగా చాలాకాలం చెప్పుకున్నారు. 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత కేసు కాగితాలు తిరగేసి, తీవ్ర వైకల్యమున్న పిల్లల్ని ఆయన అమ్ ష్పీగెల్‌గ్రుండ్ అనే చోటికి పంపమన్న సంగతి బయటపెట్టాడు. యుద్ధకాలంలో అక్కడ దాదాపు 800 మంది పిల్లలు పోయారు, ఎందరినో కావాలనే చంపారు. మా వరండాకీ వియన్నాకీ సాపత్యం తేవడం అతి అని నాకూ తెలుసు. అయినా "పనికొస్తాడు" అన్న మాటతో ఒకణ్ణి ఇవతలికి లాగితే, పనికిరాని పక్కవాణ్ణి ఎవరు లాగుతారన్నది నన్ను వదలడం లేదు. మా ఇంట్లో ఉన్నది ఆ పక్కవాడే కదా.

అలాగని ఈ పేర్లన్నీ దండగ అనను. టెంపుల్ గ్రాండిన్‌కు నేను రుణపడి ఉన్నాను. 1947లో బోస్టన్‌లో పుట్టింది, మూడేళ్ళు దాటినా మాటల్లేవు. అరిజోనాలో వాళ్ళ బంధువుల పశువుల క్షేత్రంలో, టీకాలు వేయడానికి ఆవుల్ని రెండు పలకల మధ్య నొక్కిపట్టే బోను చూసింది. నొక్కగానే ఆవులు నెమ్మదిస్తున్నాయని గమనించి తనూ అందులో దూరింది. ఆ తర్వాత తనకోసం అలాంటిదే ఒకటి చేసుకుంది. కొలరాడోలో పశుశాస్త్రం ప్రొఫెసరైంది, ఉత్తర అమెరికాలో దాదాపు సగం పశువులు ఆమె రూపకల్పన చేసిన ఏర్పాట్ల గుండానే వెళ్తాయంటారు. వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ప్రొఫెసరు సంగతి. నాకు అక్కరకొచ్చింది బోను సంగతి.

చంటి బీరువాకీ గోడకీ మధ్య సందులో దూరి నిలబడేవాడు. రోహిణి కార్తె ఎండల్లో కూడా పాత చీరలతో కుట్టిన బొంత మెడ దాకా కప్పుకునేవాడు. "ఉక్కకు చస్తావురా" అంటూ అమ్మ లాగేసేది, వాడు మళ్ళీ లాక్కునేవాడు. ఇద్దరికీ రోజూ యుద్ధమే. ఒంటి మీద బరువు పడితే వాడి లోపలి గోల సద్దుమణుగుతుందని గ్రాండిన్ రాసింది చదివాకే నాకు తట్టింది. అప్పటికి అమ్మ లేదు. ఇప్పుడు ఫ్యాను పెద్దది పెట్టి బొంత వాడికే వదిలేశాను. మిక్సీ వేయాలంటే ముందు బొంత కప్పుతాను.

అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసిన పేరు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. 1938లో అక్కడి లాయరొకాయన ఐదేళ్ళ కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం రాశాడు. దాన్ని పట్టుకుని కొడుకుతో బాల్టిమోర్‌లోని డాక్టర్ లియో కానర్ దగ్గరికి వెళ్ళారు. ఐదేళ్ళకు కానర్ పదకొండు మంది పిల్లల గురించి పత్రం రాస్తే, అందులో మొదటి కేసు ఆ పిల్లాడే. అంతకుముందు మూడేళ్ళప్పుడు డాక్టర్ల మాట మీద ఒక సంస్థలో వదిలేసి, ఏడాదికి వెనక్కి తెచ్చుకున్నారు. కొన్నేళ్ళు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. ఆ రైతు గురించి చదువుతుంటే కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయాను. పిల్లాడికి కొలతల పిచ్చి అని, బావి తవ్వించి ఎంత లోతు పోయిందో కొలిచి చెప్పమన్నాడు. చచ్చిన పిట్టల్నీ పురుగుల్నీ పోగేస్తున్నాడని, పొలంలో ఒక మూల వాటికి శ్మశానం జాగా ఇచ్చాడు. మొక్కజొన్న సాళ్ళను మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నాడు.

డోనాల్డ్ కాలేజీ చదివాడు, తల్లి తరపువాళ్ళ బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. ఆయన మీద రాయడానికొచ్చిన విలేకరులను, ఆయన్ని బాధపెడితే మీ సంగతి చూస్తామని ఊరివాళ్ళే బెదిరించారట. నాకైతే టోక్యో బొమ్మ కంటే ఈ బెదిరింపు గొప్పగా తోచింది. అయితే ఆయనకు సొంత బ్యాంకున్న కుటుంబం ఉంది. అదే ఊళ్ళో అదే రోజుల్లో నల్లవాళ్ళ ఇంట్లో పుట్టి ఉంటే కానర్ గుమ్మం దాకా వెళ్ళేవాడేనా? ఆ పదకొండు మందిలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో పడ్డవాళ్ళు ఉన్నదీ పోగొట్టుకున్నారని 1971లో కానరే రాశాడు. ఇంతా చదివి నేను చేసిందేమిటయ్యా అంటే, డోనాల్డ్‌ను కూడా వరసలో చేర్చుకోవడం. "బ్యాంకు ఉద్యోగం చేశాడండీ" అన్న చోట గొంతు కాస్త పెంచుతున్నాను కూడా. గోల్ఫ్ సంగతి చెప్పను. ఒక మనిషి తనకిష్టమని బంతిని కొట్టుకుంటూ తిరిగాడంటే మా పెద్దత్తయ్య ఏమంటుందో నాకు తెలుసు.

నా పెళ్ళిచూపులనాడు చంటిని రేపల్లెలో తాతయ్య దగ్గరికి పంపేశారు. ఈమధ్య మా అమ్మాయి చూపులకు మాత్రం వాణ్ణి వరండాలోనే కూర్చోబెట్టాను. పేర్లున్నాయన్న ధైర్యమే అది, కాదనను. కాఫీలయ్యాక అబ్బాయి తల్లి మెల్లిగా, "మీ వంశంలో ఇంకెవరికైనా ఉందా వదినగారూ?" అని అడిగింది. నేను మస్క్ దగ్గర మొదలుపెట్టి గ్రాండిన్ దాకా వెళ్ళాను. ఆవిడ శ్రద్ధగానే విన్నది.

వాళ్ళ కారు సందు మలుపు తిరిగాక మా అమ్మాయి అంది, "అమ్మా, ఎలాన్ మస్క్ మన వంశమా?"

నవ్వు వచ్చింది గానీ, అది నవ్వలేదు. "నీ తర్వాత మావయ్యను చూసుకునేది నేనే కదా. పేర్లు నాకెందుకమ్మా? ఏ మాత్ర ఎన్నింటికి వేయాలి, దేనికి బెదురుతాడు, ఏం చేస్తే తగ్గుతాడు, అవి రాసిపెట్టు" అంది.

అబ్బాయివాళ్ళ దగ్గర్నుంచి కబురింకా రాలేదు. నేను మాత్రం ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి రాస్తున్నాను. పెరుగన్నంలో తాలింపు గింజ తగిలితే కంచం తోసేస్తాడు. క్షవరానికి మంగలి ఇంటికే రావాలి, కత్తెర తప్ప మిషను పనికిరాదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు కూత పెడితే చెవులు మూసుకుని సందులోకి పోతాడు, అప్పుడు పిలవకూడదు. బొంత ఉతకడానికి తీసేముందు రెండోది వాడి చేతికివ్వాలి. గార్డియన్‌షిప్ కాగితం బీరువా లోపలి అరలో ఉంది, కలెక్టరుగారి కమిటీ నా పేరు మీద ఇచ్చింది, నా తర్వాత నువ్వు మళ్ళీ పెట్టుకోవాలి. పన్ను నొప్పి వస్తే చెప్పలేడు, ఎడమ చెవి మీద కొట్టుకుంటాడు. అది చెవి నొప్పి కాదు, చుక్కల మందు వేయకు. పళ్ళ డాక్టరు కుర్చీలో వాణ్ణి ఎలా కూర్చోబెట్టాలన్నది ఇంకా రాయలేదు. దానికి ఒక పేజీ చాలదు.