బిడ్డ వయస్సును ఏ దినమునుండి లెక్కింపవలెను?

ధ్యానభాగము: ఆదికాండము 33:12–14



ఏశావు తనతోకూడ ప్రయాణము చేయుమని పిలిచినప్పుడు యాకోబు ఒప్పుకొనలేదు. తన పిల్లలు పసివారు గనుక వారి అడుగునుబట్టి వెనుక మెల్లగా వచ్చెదనని చెప్పెను. నాలుగువందల మందితో వచ్చిన ఏశావు నడక వేరు, పసివారి నడక వేరు. అందరికిని ఒకే కొలత పెట్టుట న్యాయమా? నెలలు నిండక పుట్టిన బిడ్డల విషయములో మనము ఈ ప్రశ్న వేసికొనవలెను.

గర్భమందు 37 వారములు నిండకముందు పుట్టినవారిని నెలలు నిండని బిడ్డలందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020లో అట్టివారు సుమారు 1 కోటి 34 లక్షలమంది, అనగా పదిమందిలో ఒకరు పుట్టిరి. అట్టి ఇంటికి వెళ్లినవారు, "మావాడు ఎనిమిదో నెలకే కూర్చున్నాడు, మీవాడు ఇంకా కూర్చోలేదేం?" అందురు. ఏడవ నెల బిడ్డ బ్రతుకును గాని ఎనిమిదవ నెల బిడ్డ దక్కదని మరికొందరందురు. ఇది వట్టి మాట. గర్భములో గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఇంకను కొందరు తల్లియే ఏదో తప్పు చేసినదందురు. పుట్టు గ్రుడ్డివానినిగూర్చి శిష్యులు ఎవరు పాపము చేసిరని అడుగగా ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను (యోహాను 9).

వైద్యుల లెక్క ఇట్లున్నది. నిండు గర్భమునకు 40 వారములు. 32 వారములకే పుట్టిన బిడ్డ 8 వారములు, అనగా సుమారు రెండు నెలలు ముందుగా వచ్చినది. పుట్టి ఎనిమిది నెలలైనను, ఎదుగుదల చూచునప్పుడు దానిని ఆరు నెలల బిడ్డగానే ఎంచవలెను. రెండేండ్లు వచ్చువరకు ఈలాగు లెక్కింతురు. ఇందులో పక్షపాతమేమియు లేదు. న్యాయమైన త్రాసులు ఉండవలెనని లేవీయకాండము 19లో ఆజ్ఞ ఉన్నది. అంగడిలో ఉండవలసిన న్యాయము ఊయల దగ్గర ఉండవద్దా?

అయితే ఓపిక పేరిట అశ్రద్ధ చేయరాదు. మెల్లగా నడుచుట వేరు, దారిప్రక్కన కూర్చుండిపోవుట వేరు. టీకాలు పుట్టిన తేదీనిబట్టియే వేయింపవలెను, అక్కడ నెలలు తగ్గింపకూడదు. 34 వారములలోపు గాని రెండు కిలోలకంటె తక్కువ బరువుతో గాని పుట్టిన బిడ్డ కన్నులను 30 దినములలోగా కంటి వైద్యునికి చూపవలెను. ఆలస్యమైనచో కొందరికి చూపు పోవును, వేళకు చికిత్స జరిగినచో నిలుచును. సరిగా లెక్కించినను బిడ్డ వెనుకబడియున్నయెడల, శరీరము బిగుసుకొనినను, మిక్కిలి మెత్తబడినను, శబ్దమునకు తిరుగకున్నను, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ప్రార్థించితిమి గదా అని వైద్యము మానుట విశ్వాసము కాదు.

1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములో ఇంక్యుబేటరు పెట్టెలు చాలనప్పుడు, వైద్యుడు ఎడ్గార్ రేయ్ అట్టి బిడ్డలను తల్లి రొమ్ముమీద, ఒంటికి ఒళ్లు తగులునట్లు పెట్టించెను. అదే కంగారూ సంరక్షణ. దానివలన బిడ్డకు వెచ్చదనము కలుగును, పాలు పట్టును, మరణములు తగ్గును. దినమునకు 8 మొదలు 24 గంటలవరకు ఆలాగుంచుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సలహా ఇచ్చినది. తండ్రియు ఎత్తుకొనవచ్చును. అయితే అన్ని గంటలు బిడ్డను హత్తుకొనియున్న తల్లికి వంట ఎవరు చేయుదురు? నీళ్లు ఎవరు తెత్తురు? పెద్దబిడ్డను బడికి ఎవరు పంపుదురు? ఇక్కడనే సంఘమునకు పని ఉన్నది. బిడ్డ కూర్చున్నదా అని అడుగుటకంటె ఒక పూట అన్నము వండి తీసికొనిపోవుట మేలు.

ఈ బిడ్డలలో అనేకులు తోటివారిని అందుకొందురు. కొందరికి నడకలో, మాటలో, చూపులో కొరత మిగులవచ్చును. వారి విలువ తగ్గునా? అపొస్తలుడైన పౌలు తన్ను తానే నెలలు నిండక పుట్టినవానితో పోల్చుకొనెను (1 కొరింథీయులకు 15:8). ప్రభువు అతనిని కడవరివానిగానైనను దర్శించెను. వైద్యుల లెక్క రెండేండ్లకు ముగియును. యాకోబు లెక్కకు గడువు లేదు. ఆ బిడ్డ ఎంత మెల్లగా నడిచిన మనమును అంత మెల్లగా, దాని ప్రక్కనే నడుచుదము.