రేపు రాదా?

గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో మటాలా అనే విహార గ్రామం ఉంది. అక్కడ సముద్రతీరపు కొండ గుహలు రోమన్ల కాలంలో సమాధులు. 1960లలో హిప్పీలు వాటిలోనే కాపురమున్నారు. నేడే జీవితమని, రేపన్నది రాదని తీరాన గోడమీద రాశారు. పర్యాటకులు దాన్ని ముచ్చటపడి చదువుతారు.

విశ్రాంతి తీసుకోవడం తప్పు కాదు. శరీరానికీ మనపై హక్కు ఉందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. అయితే ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది మోసపోతారని కూడా ఆయనే హెచ్చరించారు. రేపు లేదనుకుంటే తీరిక వట్టి కాలక్షేపం. ఉందని నమ్మితే అదే తీరిక అల్లాహ్ అప్పగించిన అమానతు.

ప్రతి వ్యక్తీ రేపటి కోసం ఏం పంపుకున్నాడో చూసుకోవాలని హష్ర్ సూరా 18వ ఆయతు ఆదేశిస్తోంది. ఆ గుహల్లో ఖననమైనవారికీ ఒకప్పుడు ‘నేడు’ ఉండేది. గోడమీది రాతకు ఆ సమాధులే సమాధానం. సోదరులారా! ఎక్కడికి విహారానికి వెళ్ళినా మనం రేపటిని మరచి వెళ్ళకూడదు.