కాల్పుల విరమణలో మూడో పక్షం

పోరులో ఉన్న రెండు పక్షాలు ఆయుధాలు ఆపుతామని మాట ఇచ్చుకున్నాక, అవతలివాళ్లు మాట తప్పారని ఒక పక్షం నమ్మితే ఏం చేయాలి? తానూ ఆ మాట విడిచిపెట్టవచ్చా, ఎదుటివాడు తప్పినా తాను నిలబడాలా? తప్పారని తేల్చేదెవరు? నీతిశాస్త్రంలో ఇది చాలా పాత ప్రశ్న. రెండు రాజ్యాల మధ్య సంధి కుదిరితే ఎవరి సరిహద్దులోకి వాళ్లు వెళ్లిపోతారు. అంతర్యుద్ధంలో ఆ వీలు లేదు. కొట్లాడినవాళ్లు, దెబ్బతిన్నవాళ్లు, సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు అందరూ ఆ ఊళ్లలోనే మిగులుతారు. కాబట్టి సంతకం కన్నా అమలు దగ్గరే తగాదా ముదురుతుంది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న సూటిగా ఎదురైంది 2004లో. ఇక్కడి నక్సలైట్ పోరును అంతర్యుద్ధమని ప్రభుత్వం ఏనాడూ ఒప్పుకోలేదు. రెండు పక్షాలూ సంతకాలు చేసిన సమగ్ర ఒప్పందమూ లేదు. అయినా దశాబ్దాలుగా సాగిన సాయుధ పోరు మధ్యలో ప్రభుత్వం, నక్సలైట్లు ఒకే బల్ల ముందు కూర్చున్నది అప్పుడే. మాటకు కట్టుబడటం గురించి ఆ కొద్ది నెలలు నేర్పినంత పాఠం మరే ఘట్టమూ ఇక్కడ నేర్పలేదు.

2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వచ్చింది. జూన్‌లో కాల్పులు ఆగాయి. నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌పై నిషేధం గడువు జులైలో ముగిస్తే ప్రభుత్వం దాన్ని పొడిగించలేదు. అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్ మంజీరా అతిథి గృహంలో చర్చలు జరిగాయి. నల్లమల నుంచి వచ్చిన రామకృష్ణ, ఆంధ్ర ఒడిశా సరిహద్దు ప్రాంతం నుంచి సుధాకర్, మరో నక్సలైట్ పార్టీ జనశక్తి తరఫున అమర్, రియాజ్ ఒకవైపు కూర్చున్నారు. మరోవైపు హోంమంత్రి కె. జానారెడ్డి నాయకత్వంలో ప్రభుత్వ ప్రతినిధులు. జానారెడ్డిది అప్పట్లో నందికొండ (నాగార్జునసాగర్) ఉన్న చలకుర్తి నియోజకవర్గం. అక్కడికి ఎగువన, కృష్ణా నది వెంట మహబూబ్‌నగర్ జిల్లా దాకా పరుచుకున్న నల్లమల అడవి అప్పటి పోరుకు ప్రధాన స్థావరం.

మధ్యలో కూర్చున్నవారిలో ఎస్.ఆర్. శంకరన్, కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారు. శంకరన్ 1997 నుంచి పౌరస్పందన వేదిక తరఫున హింస ఆపమని రెండు వైపులా అడుగుతూ వచ్చిన మాజీ ఐఏఎస్ అధికారి. 1987లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ అపహరించిన అధికారుల్లో ఆయనా ఒకరు. తనను బందీ చేసినవాళ్లను, వాళ్లను వేటాడే రాజ్యాన్ని ఒకే ధర్మానికి కట్టుబడమని అడిగే అర్హత ఆయనకు ఉద్యోగం వల్ల వచ్చింది కాదు.

తగాదా ఆయుధాల దగ్గర వచ్చింది. కాల్పుల విరమణ అంటే ఊళ్లలోకి తుపాకులతో రాకూడదన్నది ప్రభుత్వ వాదన. కాల్చబోమని మాత్రమే మాట ఇచ్చాం, తుపాకీ మోయబోమని ఇవ్వలేదన్నది రెండో పక్షం జవాబు. రెండో విడత చర్చలు జరగనే లేదు. 2005 జనవరి మొదట్లో ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి. జనవరి 17న మావోయిస్టులు (అప్పటికి పీపుల్స్‌వార్ కొత్త పేరు), జనశక్తి చర్చల నుంచి తప్పుకున్నామని ప్రకటించారు. ముందు మాట తప్పింది మీరంటే మీరని వాదించుకున్నారు. ఆ వాదనను విని తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు.

ఇలాంటి తగాదా తెలుగువాళ్లకు తిక్కన భారతం నుంచే తెలుసు. పాండవుల పదమూడేళ్ల గడువు పూర్తయ్యాకే అర్జునుడు బయటపడ్డాడా, ముందే బయటపడ్డాడా అన్నది విరాటపర్వంలో వచ్చే అమలు వివాదం. అధిక మాసాలు లెక్కగట్టి, గడువు తీరిందని భీష్ముడు తేల్చాడు. ఆయన కౌరవుల పక్షాన ఉండి కూడా నిజాయితీగానే లెక్క చెప్పాడు. అయినా దుర్యోధనుడు రాజ్యభాగం ఇవ్వలేదు. నందికొండకు ఆవలి గట్టున ఉన్న పల్నాటి కథలోనూ ఇదే వరస. కోడిపందెం ఓడి వలస పోయిన మాచర్లవాళ్లు గడువు తీరాక తమ భాగం అడిగితే, రాయబారం వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. లెక్క చెప్పేవాడు దొరికినంత మాత్రాన చాలదు. ఆ లెక్కకు లోబడతామని రెండు పక్షాలూ ముందే ఒప్పుకొని ఉండాలి. 2004 మధ్యవర్తుల నిజాయితీని ఎవరూ శంకించలేదు. వాళ్ల మాటకు లోబడతామని మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

దీన్ని తత్త్వవేత్తలు రెండు రకాలుగా చూశారు. వెనక కత్తి లేని ఒడంబడిక ఒట్టి మాటలేనన్నాడు ఇంగ్లండ్ అంతర్యుద్ధాన్ని చూసిన హాబ్స్. పైన ఒక శక్తి ఉండి శిక్షించనిదే ముందుగా మాట నిలబెట్టుకున్నవాడు నష్టపోతాడని ఆయన వాదం. కౌటిల్యుడు ఇంతకన్నా లోతుగా వెళ్లాడు. అర్థశాస్త్రం ఏడో అధికరణంలో ఆయన ఈ చర్చను పేరుపెట్టి ఎత్తుకున్నాడు. ప్రమాణం మీద నిలిచే సంధి చంచలం, పూచీదారు మీదో బందీ మీదో నిలిచేది స్థిరం అన్నది పూర్వాచార్యుల మతం. కౌటిల్యుడు అది కాదన్నాడు. సత్యం మీద నిలిచిన సంధి ఇహంలోనూ పరంలోనూ కట్టివేస్తుంది. పూచీ మీద నిలిచింది ఇహానికే పరిమితం, అది కూడా బలాబలాలు మారనంత కాలమే. రాజనీతిలో దయాదాక్షిణ్యాలకు చోటివ్వని రచయిత ఇలా అనడం గమనించదగ్గ విషయం. 2004లో పూచీగా ఉన్నది బలమొక్కటే. బలం అటో ఇటో మొగ్గుతోందన్న అనుమానం పుట్టగానే ఆ పూచీ కరిగిపోయింది. 1795లో కాంట్ శాశ్వత శాంతిపై రాసిన గ్రంథంలో మొదటి నియమమూ ఇదే చెబుతుంది. మరో యుద్ధానికి సరుకు దాచిపెట్టుకొని చేసుకున్న సంధి సంధి కాదు, ఒట్టి విరామం.

ఇంతవరకూ చెప్పిన వాదాలన్నీ మాటను రెండు పక్షాల మధ్య బేరంగానే చూస్తున్నాయి. అసలు లోపం అక్కడే ఉంది. ఒప్పందంలో ఉండే విషయాలన్నీ ఒక జాతివి కావు. ఎవరు ఎక్కడ తిరగాలి, ఎప్పుడు కలవాలి, గస్తీ ఎంత తగ్గించాలి అన్నవి బేరం. ఒకరు తప్పితే రెండోవారు ఆపుకోవచ్చు. పట్టుకున్న మనిషిని కాల్చి ఎదురుకాల్పులని చెప్పకపోవడం బేరం కాదు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం ప్రతి మనిషికీ ప్రభుత్వం అది ముందే బాకీ పడి ఉంది. ఇన్‌ఫార్మరన్న ముద్ర వేసి ఊరివాణ్ణి చంపకపోవడమూ బేరం కాదు. జనం కోసం పోరాడుతున్నామనే ఏ పార్టీ అయినా ఆ జనానికి ముందే ఇచ్చుకున్న మాట అది. అవతలివాళ్లు తప్పారు కాబట్టి మేమూ తప్పుతామన్న వాదం ఈ రెండో జాతి బాధ్యతలకు వర్తించదు. ఎందుకంటే ఆ మాట ఇచ్చింది అవతలివాళ్లకు కాదు. 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణం అంతర్గత పోరులో కూడా నిరాయుధుల రక్షణను ప్రతి పక్షంపైనా పెట్టింది. దాన్ని పాటించినంత మాత్రాన ఎదుటి పక్షానికి చట్టబద్ధ హోదా ఇచ్చినట్టు కాదని కూడా అందులోనే రాసింది.

ఈ తేడాను ఎంతో ముందే గుర్తించిన సంప్రదాయం ఒకటి నందికొండ పక్కనే వర్ధిల్లింది. ఇక్ష్వాకుల కాలంలో, క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో, ఇప్పుడు సాగర్ జలాశయం పరుచుకున్న లోయలో విజయపురి ఉండేది. అక్కడి శాసనాలు బహుశ్రుతీయులు, మహీశాసకులు, అపరమహావినసేలీయులు వంటి వేర్వేరు శాఖల విహారాలను పేర్కొంటాయి. ఈ బౌద్ధ భిక్షువులలోనూ తగాదాలు వచ్చేవి. వాటిని తీర్చడానికి వాళ్ల నియమావళి అయిన వినయం ఏడు పద్ధతులు పెట్టింది. అందులో చివరిది గడ్డి కప్పడం. ఎవరు ఎప్పుడు ఏమన్నారో, ఎవరు ముందు తప్పారో తవ్వుతూపోతే సంఘం చీలిపోయే పరిస్థితిలోనే దీన్ని వాడాలి. అందరూ ఒకచోట చేరాలి. ఒక్కో పక్షం నుంచి సమర్థుడైన భిక్షువు లేచి, తన పక్షం తప్పులను, తన తప్పును కలిపి సంఘం ముందు ఒప్పుకోవాలి. రెండో పక్షమూ అలాగే చేయాలి. దాంతో లెక్కలు మూసేస్తారు.

ఈ పద్ధతి విలువ దాని మినహాయింపుల్లో ఉంది. ఘోరమైన తప్పులను గడ్డి కప్పదు. ఒప్పుకోనివారికి, ఆ సభలో లేనివారికి అది వర్తించదు. అన్నిటికన్నా ముఖ్యం, గృహస్థులకు సంబంధించిన తప్పులను కూడా అది కప్పదు. భిక్షువులు భిక్షువులను క్షమించుకోవచ్చు. ఊరివాళ్లకు చేసిన అపచారాన్ని ఊరివాళ్ల పరోక్షంలో మాఫీ చేసుకునే హక్కు సంఘానికి లేదు. అతిథి గృహంలో నాలుగు రోజులు కూర్చున్న రెండు పక్షాలకు సరిగ్గా ఈ హద్దే ఉంది.

గడ్డి కప్పకుండానే, ఒప్పందమే లేకుండానే ముగిసిన పోరు కూడా నల్గొండ జిల్లా చూసింది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరులో విరమించింది. సంతకం లేదు, షరతుల పత్రం లేదు. కాబట్టి ఏది అమలు కాలేదని అడగడానికి ఆధారమూ లేదు. 1952 ఎన్నికల్లో నల్గొండ ఓటర్లు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వేసి లోక్‌సభకు పంపారు. ఉరిశిక్ష పడిన తెలంగాణ ఖైదీల ప్రాణాలు పెద్ద ఉద్యమం తర్వాత దక్కాయి. భూమి సంగతి మాత్రం ఇతరుల దయ మీదే మిగిలింది. 1950 కౌలుదారీ చట్టం ఉన్నా బేదఖళ్లు ఆగలేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానన్నది, వినోబా భూదానోద్యమం మొదలైందీ అప్పటి నల్గొండ జిల్లాలోనే. దానం గొప్పదే. హక్కుగా రావలసింది దానంగా వస్తే, రానివాడు అడిగే చోటు ఉండదు.

బయటి ప్రపంచంలో అమలు కాస్త నిలిచిన చోట్ల తేల్చేవాళ్లను ముందే ఏర్పాటు చేసుకున్నారు. ఉత్తర ఐర్లండ్‌లో 1998 ఒప్పందం తర్వాత ఆయుధాల తగాదా ఏడేళ్లు నడిచింది. 2005 సెప్టెంబరులో ఐఆర్ఏ ఆయుధాల నాశనాన్ని స్వతంత్ర కమిషన్‌తో పాటు ఒక కాథలిక్, ఒక మెథడిస్ట్ మతగురువు కళ్లారా చూసి సాక్ష్యం చెప్పారు. రాజ్యం మాట నమ్మనివాడు, తిరుగుబాటుదారు మాట నమ్మనివాడు కూడా నమ్మగల సాక్షులు వాళ్లు. నేపాల్‌లో 2006 ఒప్పందం ప్రకారం ఆయుధాలను కంటైనర్లలో పెట్టి ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఉంచారు. సైన్యాల సంగతి తేలింది. బాధితుల న్యాయం తేలలేదు. ఘోర నేరాలకు క్షమాభిక్ష చెల్లదని 2015లో నేపాల్ సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ మాట విరిగాక జరిగింది 2005 ఆగస్టు 15న నారాయణపేటలో కనబడింది. స్వాతంత్ర్య దినోత్సవం రోజున మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుణ్ణి, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకు ప్రభుత్వం మళ్లీ నిషేధం విధించింది. అంతకుముందు జులై మొదట్లోనే, చర్చల బల్ల ముందు కూర్చున్న రియాజ్ పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకొని చంపారని పౌరహక్కుల సంఘాలు అన్నారు. ఈ రెండు సంఘటనలనూ ఒప్పంద ఉల్లంఘనల జాబితాలో ఒకదానికొకటి చెల్లువేయడం తప్పు. ఏ ఒప్పందమూ లేకపోయినా రెండూ జరగకూడనివే.

చర్చల్లో ముందుకొచ్చిన భూమి ప్రశ్నపై ప్రభుత్వం కోనేరు రంగారావు అధ్యక్షతన కమిటీ వేసింది. చర్చలు చెడిపోయాక కూడా అది పని ఆపలేదు. 2006లో 104 సిఫార్సులు ఇచ్చింది. వాటి అమలుకు అడవిలోవాళ్ల సంతకం అక్కర్లేదు. 2025లో శాంతి చర్చల మాట మళ్లీ వచ్చినప్పుడు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఏప్రిల్ నెలలో జానారెడ్డి ఇంటికి వెళ్లి 2004 అనుభవం అడిగారు. ఆ అనుభవంలో వినవలసినవాళ్లు ఇంకా ఉన్నారు. నల్లమలలోని అమ్రాబాద్ చెంచులను, నారాయణపేట, దేవరకొండ పల్లెల్లో రెండు వైపులా మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలను ముందు పిలిచి, తర్వాత మిగతా ఇద్దరినీ కూర్చోబెట్టాలి.