గడప దగ్గర జాగిలం

"సాయిబుల ఇంట్లో కుక్క ఉండదు కదండీ?" అన్నాడు పక్క ఫ్లాటు పెద్దమనిషి లిఫ్టులో. ఆ శుక్రవారమే, జుమా నమాజు అయ్యాక, మసీదు మెట్ల మీద చెప్పులేసుకుంటూ ఒక మిత్రుడు అడిగాడు: "ఏం భాయ్, ఇంట్లో కుక్కను పెట్టుకున్నావంట?" మొదటాయన గొంతులో ఆశ్చర్యం. రెండో ఆయన గొంతులో హెచ్చరిక. ముస్లిం ఇల్లంటే ఎట్లా ఉండాలో ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో బతుకుతున్న నాకే తెలియదు.

మా ఇంటికొచ్చింది బీగిల్ జాతి కుక్క. ఎత్తు 14 అంగుళాలు, బరువు 10 కిలోలు. ఇంగ్లండులో కుందేళ్ళ వేటకోసం పెంచిన జాతి. వేటగాళ్ళు దీని వెంట కాలినడకన పోయేవాళ్ళు. జాగిలం అనే పెద్ద మాటకు తగిన ఆకారం కాదు గానీ, పుట్టుక మాత్రం జాగిలం పుట్టుకే. నేను కొని తేలేదు. దేశం వదిలి వెళ్తున్న సహోద్యోగి ఒకాయన "రెండు నెలలు చూసుకోండి, ఈలోపు ఎవరినైనా వెతుకుతాను" అని అప్పజెప్పి పోయాడు. రెండు నెలలు రెండేళ్ళయ్యాయి.

అప్పటికి దానికి పేరు కూడా స్థిరపడలేదు. "టిప్పు అని పెట్టండి, పిలవడానికి బాగుంటుంది" అన్నాడు వాచ్‌మన్. పాపం, అతని మనసులో ఏమీ లేదు. మా ఊళ్ళో కూడా టిప్పు అనే కుక్కలు రెండు మూడు ఉండేవి. 1799లో శ్రీరంగపట్నంలో కుంపిణీ సైన్యంతో పోరాడుతూ చనిపోయిన సుల్తాను పేరు అది. ఎవరి నోట మొదట కుక్క పేరయిందో గానీ, చిన్నప్పుడు ఆ పిలుపు విన్నప్పుడల్లా నేను తల తిప్పుకునేవాణ్ణి. చెవులు బాదం రంగులో ఉన్నాయని మా పాప దానికి బాదం అని పేరు పెట్టింది. ఆ పేరుతో ఎవరికీ పేచీ లేదు.

దాన్ని సాకడం ముద్దు చేసినంత తేలిక కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిపించాలి. గొలుసు వదిలామా, ముక్కు నేలకానించి వాసన వెంట పోతుంది. అప్పుడు పేరు పెట్టి పిలిచినా వినదు. వేటకు పనికొచ్చిన గుణమే రోడ్డు మీద దాని ప్రాణానికి ముప్పు. వేలాడే చెవుల్లో గాలి ఆడదు, వారానికోసారి తుడవకపోతే చీము పడుతుంది. ఎంత పెట్టినా ఇంకా అడుగుతుంది. జాలిపడి పెట్టామంటే ఒళ్ళొచ్చి కీళ్ళు పోతాయి. పిడుదులు పట్టకుండా చూడాలి, ఏటేటా రేబిస్ సూది వేయించాలి. ఒంటరిగా వదిలితే మూలుగుతూ రాగం తీస్తుంది. వేటలో దూరంగా ఉన్న మనిషికి వినపడాల్సిన గొంతు అది. ఫ్లాటులో నాలుగు గోడలకూ తగిలి పక్కింటి పెద్దమనిషి చెవిలో పడుతుంది.

ఇక మసీదు మెట్ల మీది మాట. మిత్రుడు చెప్పినవేవీ అబద్ధాలు కావు. కుక్క ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని హదీసు ఉంది. బొమ్మలున్న ఇంట్లోకీ రారని ఆ హదీసులోనే ఉంది. మిత్రుడి ఇంట్లో గోడనిండా పెళ్ళిఫోటోలున్నాయి. అది గుర్తు చేస్తే నవ్వాడు. కుక్క మూతిపెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగమన్న హదీసు ఉంది. మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో దాని చొంగే నజిస్, పొడి ఒళ్ళు కాదు. షాఫయీలకు కుక్క మొత్తంగా నజిస్. మాలికీలు బతికున్న ఏ జంతువూ నజిస్ కాదంటారు. ఖురాన్‌లో కుక్క నజిస్ అన్న మాటే లేదు. మాయిదా సూరాలో, నేర్పించిన వేటజంతువు మీకోసం పట్టి తెచ్చింది తినండి, అల్లా పేరు తలచుకోండి అని ఉంది. కుక్క నోట కరిచి తెచ్చింది హలాల్ అయినప్పుడు, ఆ నోరు అంత చెడ్డదెట్లా అవుతుందని మాలికీల వాదన. బాగ్దాదులో ఇబ్న్ అల్ మర్జుబాన్ అనే పండితుడు, బట్టలు కట్టుకున్న చాలామంది కంటే కుక్కలే మేలని అరబీలో ఒక పుస్తకమే రాశాడు. ఆయన 921లో చనిపోయాడు. అంటే ఈ చర్చ నా ఫ్లాటులో మొదలైంది కాదు. వెయ్యేళ్ళుగా మన ఇంట్లోనే నడుస్తోంది. బయటివాళ్ళకే 'మీలో ఇంతే' అని ఒక్క మాటలో తేల్చేయాలని ఉంటుంది. మనలోనూ కొందరికి అదే తొందర.

వేట, మంద కాపలా, పొలం కాపలా, వీటికి తప్ప కుక్కను పెట్టుకుంటే రోజూ కొంత పుణ్యం తరిగిపోతుందని ఇంకో హదీసు. నేను మొదట్లో దీని చాటున దాక్కున్నాను. "ఇది వేటకుక్కే కదా భాయ్, దీనికి మినహాయింపు ఉంది" అనేవాణ్ణి. అందరూ నవ్వి ఊరుకునేవాళ్ళు. కానీ రాత్రిపూట నాకు నేను అబద్ధం చెప్పుకోలేకపోయాను. మా బాదం ఇంతవరకూ వేటాడింది సోఫా కింద పడ్డ బిస్కెట్లనే. వేట జాతిలో పుట్టడం వేరు, వేటకు పెట్టుకోవడం వేరు. ఆ వాదన నాది కాదు, నా భయానిది. దాన్ని వదిలేశాను.

వదిలేశాక అసలు ప్రశ్న మిగిలింది. పెట్టుకోవాలా వద్దా అని కాదు. నా చేతికి వచ్చేసిన ప్రాణాన్ని ఏం చేయాలి?

ఆ ప్రశ్నను ఇంటి ఓనరు తొందరపెట్టాడు. "ఇంకో ఏడాది ఉండాలంటే కుక్కను తీసేయండి" అన్నాడు. ఈ నగరంలో ఇల్లు వెతకడమంటే ఏమిటో ముస్లింలకు చెప్పక్కర్లేదు. ఫోనులో అన్నీ కుదురుతాయి. పేరు చెప్పగానే "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామండీ" అంటారు. "మాంసం వండేవాళ్ళకు ఇవ్వమండీ" అంటారు. మరీ నిజాయితీ గలవాళ్ళు "ఏమనుకోకండి, మిగతావాళ్ళు ఒప్పుకోరు" అంటారు. నా పేరు నేను మార్చుకోలేను. కుక్కను వదిలించుకుంటే కాదనడానికి ఒక కారణమైనా తగ్గుతుందని ఇంట్లోవాళ్ళూ అన్నారు. షాద్‌నగర్ దగ్గర మామిడితోట ఉన్న ఒకాయన తీసుకుంటానన్నాడు. తీసుకుపోయాను. అక్కడ పగలంతా కుక్కల్ని కట్టేసి ఉంచుతారు. మిగిలిన అన్నం పెడతారు. ఆయన చెడ్డవాడు కాదు, కాపలా కుక్కల్ని అందరూ అట్లాగే పెంచుతారు. గొలుసు చేతికివ్వబోయి ఆగిపోయాను. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిరిగి తినడానికి వదలకా చంపిన ఆడమనిషి నరకానికి పోయిందని చిన్నప్పుడు మౌల్వీసాబు చెప్పింది గుర్తొచ్చింది. దప్పికతో మట్టి నాకుతున్న కుక్కకు, బావిలో దిగి మేజోడులో నీళ్ళు తెచ్చి తాపినవాడి పాపాలు మాఫీ అయ్యాయని కూడా ఆయనే చెప్పాడు. ఒకరు నమ్మి అప్పజెప్పింది అమానత్. నాకు ఇల్లు దొరకడం కష్టమని అమానత్‌ను చెట్టుకు కట్టేసి రావడం ఏ ఫిఖాలో ఉంది? తిరుగుబస్సులో ఎక్కించుకోరు కాబట్టి ఆటో మాట్లాడుకుని వెనక్కి తెచ్చాను. ఆ తర్వాత ఇల్లు మారాం. అద్దె రెండు వేలు ఎక్కువ, ఆఫీసు ఇంకో గంట దూరం.

కొత్త ఇంటికి అమ్మ వచ్చింది. మాది కర్నూలు జిల్లా, మేం దూదేకులవాళ్ళం. నాయన పోయాక అమ్మ ఒక్కతే ఉండలేక నా దగ్గరకొచ్చింది. గడపలోనే ఆగిపోయి, "కుక్క తిరిగే ఇంట్లో నమాజు యెట్ల జేసుకోవాల్రా?" అంది. ఆమెతో హనఫీ, మాలికీ అని వాదించే ధైర్యం నాకు లేదు. ఆమె నమాజు ఆమె ప్రాణం. అందుకని ఒక హద్దు పెట్టుకున్నాం. అమ్మ గదిలోకి బాదం పోకూడదు. జానిమాజు, గిన్నెలు, తువ్వాలు అన్నీ వేరు. పది రోజులు నేర్పితే, ఆ గది గడప దగ్గర ఆగడం దానికి అలవాటైంది. మనుషులకు హద్దులు నేర్పడమే కష్టం.

ఒక మధ్యాహ్నం మేమెవరం ఇంట్లో లేం. ఎండాకాలం. కుక్క ఖాళీ గిన్నె ముందు కూచుని రొప్పుతోంది. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కొంగు ఇవతలికి లాక్కుని, దూరంగా నిలబడి, నడుమెత్తు నుంచి గిన్నెలోకి పోసింది. సగం కిందపడ్డాయి. సాయంత్రం నేనొచ్చాక చెప్పింది: "మా నాయన దూది యేకను కరణమోళ్ళింటికి పోతే, దప్పికైతాండాదంటే ఇట్లనే పోసేటోళ్ళురా. అరుగు కింద నిలబడి దోసిలి పట్టల్ల. నేను సిన్నపిల్లను, పక్కనే ఉంటి. నా గౌను తడిసిపాయ." అంతే. ఇంకేం అనలేదు.

మనుషుల్ని కుక్కతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ పోలిక మేం చేసుకోలేదు, మా తాతకు నీళ్ళు పోసిన చెయ్యి చేసింది. ఆయన ఏకిన దూదితో కుట్టిన పరుపుల మీద ఆ ఇంట్లోవాళ్ళు హాయిగా నిద్రపోయారు. చెంబు మాత్రం ముట్టుకోనివ్వలేదు. అటు మసీదులోనూ, ఉర్దూ రాదని, పేర్లు సగం తెలుగని, మమ్మల్ని సగం ముస్లింలుగా చూసినవాళ్ళున్నారు. పిల్లనివ్వడానికి వెనకాడిన షేకులూ సయ్యదులూ ఉన్నారు. ఎంగిలి అనే మాట ఎంత దూరం పోతుందో మాకు పుస్తకాలు చదివితే తెలిసింది కాదు.

అమ్మ మాట విన్నాక నాకొకటి అర్థమైంది. నజిస్ వేరు, నఫ్రత్ వేరు. నజిస్ కడుక్కుంటే పోతుంది. మూడుసార్లో ఏడుసార్లో లెక్క చెప్పి మరీ కడగమన్నారంటే, కడిగాక ఆ విషయం అక్కడితో అయిపోయిందనే కదా. ఆ గిన్నెలో మళ్ళీ తినొచ్చు, ఆ చేత్తో మళ్ళీ దువా చేయొచ్చు. నఫ్రత్‌కు అట్లాంటి లెక్క లేదు. కరణం అరుగును ఎన్నిసార్లు కడిగినా మా తాత దాని మీదికి ఎక్కలేకపోయాడు. శుభ్రత నియమాన్ని పట్టుకుని, వీధికుక్క మీద రాయి విసరడానికి మతం అనుమతి ఇచ్చిందనుకునే పిల్లలు మా బస్తీలో ఉన్నారు. వాళ్ళకు గిన్నె కడగమన్న హదీసు తెలుసు, మేజోడుతో నీళ్ళు తోడిన మనిషి కథ ఎవరూ చెప్పలేదు. ఒకటి చెప్పి రెండోది దాచిపెట్టడం దీన్ కాదు. మనల్ని అంటరానివాళ్ళుగా చూసినప్పుడు రగిలిపోయే మనం, ఆ చూపును ఇంకో ప్రాణి మీదికి మళ్ళించేముందు ఒక్క క్షణం ఆగొద్దా?

అమ్మ మారిపోయిందని చెప్పను. ఇప్పటికీ బాదాన్ని ముట్టుకోదు. పొరపాటున దాని మూతి తగిలితే చీర మార్చుకుంటుంది. అది ఆమె హక్కు. కానీ నీళ్ళు మాత్రం ఇప్పుడు వంగి, గిన్నె దగ్గరగా పోస్తుంది. మోకాళ్ళ నొప్పులతో వంగడం ఆమెకు తేలిక కాదు. పోయిన బక్రీదుకు చుట్టాల పిల్లలు ఉడికిన బొక్కలు వేయబోతే, "వద్దురా, ఇరిగి పేగుల్లో గుచ్చుకుంటాయంట, డాకటరు జెప్పినాడు" అని కసిరింది.

శుక్రవారం అమ్మ ఫోనులో కహఫ్ సూరా పెట్టుకుని వింటుంది. ఊరంతా తరిమితే గుహలో తలదాచుకున్న యువకుల కథ అది. వాళ్ళతోపాటు గుహ వాకిట్లో ముందుకాళ్ళు చాపుకుని పడుకున్న కుక్క కూడా ఉంది. వాళ్ళెంతమందో లెక్క చెప్పిన ప్రతిచోటా దాన్నీ కలిపి లెక్కపెట్టింది ఖురాన్. అది లోపలికి పోయి వాళ్ళ పక్కన పడుకుందని లేదు. దాన్ని తరిమేశారనీ లేదు. అమ్మ వింటున్నంతసేపూ బాదం ఆమె గది గడప ఇవతల చెవులు నేలకు పరిచి పడుకుని ఉంటుంది.

మొన్న కొత్త ఇంటి పక్కాయన కూడా అదే అడిగాడు. "మీ ఇళ్ళల్లో కుక్కను ఉంచుకోరు కదండీ?"

"ఉంచుకుంటామండీ. చేతులు కడుక్కుంటాం కూడా" అన్నాను.