పరుల డిక్రీలు వసూలు చేయుట క్రైస్తవునికి తగునా?

(ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:6–15, మత్తయి 18:23–35, లూకా 18:1–8)



కోర్టుకెక్కి గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అని మన పల్లెలలో ఒక సామెత కలదు. ఓడినవాని మాట అటుంచుడి. గెలిచినవాడు ఓడినట్టెట్లగునో కోర్టు గడప త్రొక్కిన ప్రతివానికి తెలియును. ప్రోనోటు మీద దావా వేసి, ప్లీడరు ఫీజు కట్టి, ఏండ్ల తరబడి వాయిదాలకు తిరిగి, తుదకు ఒకడు డిక్రీ సంపాదించును. ఫలానావాడు ఫలానావానికి ఇంత సొమ్ము చెల్లింపవలెనని న్యాయస్థానము వ్రాసియిచ్చిన ఆజ్ఞయే డిక్రీ. అయితే ఆ కాగితము తనంతట తాను రూపాయలుగా మారదు. బాకీదారుడు చెల్లింపనియెడల అమలు దరఖాస్తు వేయవలెను. అతని ఆస్తి ఎక్కడ నున్నదో డిక్రీదారుడే వెదకి చూపవలెను. ఆ పిమ్మట జప్తు, అభ్యంతరములు, వేలము, మరల వాయిదాలే.

ఈ దేశములో వ్యాజ్యగాని కష్టములు డిక్రీ వచ్చిన తరువాతనే మొదలగుచున్నవని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే పలికియుండెను. అమలు దరఖాస్తులను ఆరు నెలలలో ముగింపవలెనని మన సుప్రీంకోర్టు 2021లో ఆదేశించినది. అయినను 2025లో లెక్క తీయగా దేశమంతట 8 లక్షలకు పైగా అట్టి దరఖాస్తులు తెమలకయున్నట్లు తేలెను.

చదువుకొని పని లేక యున్న మన సంఘ యౌవనస్థులలో కొందరు ఈ స్థితిని చూచి యిట్లు అడుగుచున్నారు: “అయ్యగారూ, వసూలు కాని డిక్రీలను వెదకి, వాటాకు మాట్లాడుకొనియో, తక్కువ వెలకు కొనియో, వసూలు చేసి జీవింపవచ్చునా? చట్టము ఒప్పినంత మాత్రమున దేవుడు ఒప్పునా?” ఇది మంచి ప్రశ్న. కొందరు పెద్దలు, “అది రాబందుల పని, మనకు వద్దు” అని ఒక్క మాటతో త్రోసివేసిరి. అంత సుళువుగా త్రోసివేయదగినది కాదని నా తలంపు.

మొదట ఈ సంగతి గ్రహింపవలెను: ఋణము తీర్చగలిగియు తీర్చకపోవుట పాపము. ముప్పది యేడవ కీర్తన 21వ వచనము అప్పు పుచ్చుకొని చెల్లింపనివానిని భక్తిహీనుల వరుసలో నిలువబెట్టినది. చేను కోసిన కూలివాని జీతము బిగబట్టిన ధనవంతులపై ఆ జీతమే మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు 5:4లో చదువుచున్నాము. మిరపకాయలు అప్పుగా కొనిపోయి సొమ్ము ఎగవేసిన కమీషను వ్యాపారి మీద ఒక కౌలురైతు డిక్రీ పొందెననుకొనుడి. ఆ వ్యాపారి మేడను భార్య పేర వ్రాసి, లారీని బావమరిది పేర పెట్టి, ఐ.పి. పెట్టెదనని బెదరించుచు తిరుగుచున్నాడు. ఆ రైతు పక్షమున ఆస్తిని వెదకి, రిజిస్ట్రారు కార్యాలయములో నకళ్లు తీసి, కోర్టుకు చూపువాడు రాబందు కాడు. లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలు పదే పదే న్యాయాధిపతియొద్దకు పోయినది దయాధర్మము కొరకు కాదు, తనకు రావలసిన న్యాయము కొరకే. ఆమెకు తోడుగా నడచువాడు మంచి పనియే చేయుచున్నాడు.

ఇక ఈ వ్యాపారపు పద్ధతులు రెండు. మొదటిది వాటా. డిక్రీ సొంతదారునిదే; వసూలైన దానిలో ఇంత భాగమని ఒప్పందము. న్యాయవాదులు వ్యాజ్యఫలములో వాటా పుచ్చుకొనరాదని బార్ కౌన్సిల్ నియమములు నిషేధించినవి. తక్కినవారికి మన దేశములో అది దానంతటదే నేరము కాదు గాని, ఒప్పందము అన్యాయముగా నున్నయెడల కోర్టు దానిని త్రోసివేయగలదు. రెండవది కొనుట. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 16వ రూలు ప్రకారము డిక్రీని వ్రాతమూలకముగా మరియొకనికి బదిలీ చేయవచ్చును. కొనినవాడు కోర్టులో దరఖాస్తు పెట్టవలెను. అమ్మినవానికిని బాకీదారునికిని నోటీసు పోవలెను. వారి అభ్యంతరములు విన్న తరువాతనే అమలు జరుగును. డిక్రీ అమలుకు 12 సంవత్సరముల గడువు కలదు.

చట్టము దారి చూపినది, నిజమే. ఆ దారిలో మూడు గోతులు కలవు.

మొదటి గోయి అమ్మువానియెద్ద నున్నది. లక్ష రూపాయల డిక్రీ చేతబట్టుకొని అలసిపోయిన విధవరాలు పదివేలకైనను ఇచ్చివేయుటకు సిద్ధపడును. కొనువానికి అప్పటికే బాకీదారుని బ్యాంకు ఖాతా సంగతి తెలిసియున్నది; ఆమెకు తెలియదు. “అమ్మా, ఇది చిత్తుకాగితము, నీమీది జాలిచేత కొనుచున్నాను” అని పలికి కొనినయెడల, అది వ్యాపారమా, దొంగతనమా? కొనునప్పుడు సరకు చెడ్డదని నిందించి, కొని ఇంటికి పోవుచు అతిశయపడువానిని సామెతలు 20:14 ఎన్నడో పట్టియిచ్చినది. కష్టమునకు కూలి న్యాయమే. నష్టభయమునకు లాభము న్యాయమే. ఎదుటివాని అజ్ఞానమునకు కట్టిన వెల మాత్రము న్యాయము కాదు. మీకు తెలిసినది ఆమెకును చెప్పి, ఆమె మరుసటి దినము వరకు ఆలోచించుకొనిన తరువాత కుదిరిన వెల ఏదో అదియే న్యాయమైన వెల.

రెండవ గోయి లెక్కలో నున్నది. దీనిని మన పల్లె ప్రజలు బాగుగా గుర్తుంచుకొనవలెను. డిక్రీ అయిన తరువాత బాకీదారుడు కోర్టు వెలుపల చేతికిచ్చిన సొమ్మును కోర్టులో నమోదు చేయింపవలెను. నమోదు చేయింపనియెడల అమలు జరుపు కోర్టు దానిని లెక్కలోనికి తీసికొనదు. బాకీదారుడు తానే నమోదు కోరవలెనన్నను 30 దినముల గడువే. అందుకు వ్రాతపూర్వకమైన సాక్ష్యమైనను, డిక్రీదారుని ఒప్పుదలయైనను కావలెను. ఇప్పుడు చూడుడి. పంట పంటకు కొంత కొంత తెచ్చి, రసీదు అడుగుటకు మొగమాటపడి, సగము బాకీ తీర్చిన పేదవాడొకడున్నాడు. కాగితము మీద అప్పు అంతయు నిలిచియున్నది. ఆ డిక్రీ కొనినవాడు మొత్తమంతయు రెండవసారి రాబట్టుకొనగలడు; చట్టము అతని చేయి పట్టుకొనదు. అచ్చట పట్టుకొనవలసినది మనస్సాక్షియే. సుంకరులు బాప్తిస్మమునకు వచ్చి మేమేమి చేయవలెనని యడిగినప్పుడు, యోహాను వారిని ఆ పని మానుమనలేదు. నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దనెను (లూకా 3:13). మన సంగతిలో నిర్ణయింపబడినదనగా కాగితము చెప్పునది కాదు, నిజముగా మిగిలియున్న బాకీ.

మూడవ గోయి అన్నిటికంటె లోతైనది. అప్పిచ్చినవానికిని తీసికొనినవానికిని నడుమ సొమ్ము ఒక్కటే లేదు. వారు ఒక ఊరివారు. వడగండ్లకు చేను పోయిన సంగతి ఋణదాతకు తెలియును. ఇంట ఆపరేషను జరిగిన సంగతి తెలియును. కోపముండినను, “సరే, సంక్రాంతికి చూతము లెమ్ము” అని యనగలడు. డిక్రీ పరాయివానికి అమ్ముడుపోగానే ఆ పరిచయమంతయు తెగిపోవును. కొనినవాని పుస్తకములో అంకెయే గాని ముఖము లేదు. సొమ్ము వసూలు చేయు హక్కును అమ్మవచ్చును. దానితోకూడ నున్న కనికరమును ఎవరికి అమ్మిరి? ఆ కనికరము నడుమ దారిలో రాలిపోయినది. మత్తయి 18వ అధ్యాయములో నూరు దేనారములకై తోటిదాసుని గొంతు పట్టుకొనినవాని అప్పు అబద్ధము కాదు. అతనికి అది నిజముగా రావలసినదే. అయినను రాజు అతనిని చెడ్డ దాసుడనెను, ఏలయనగా తాను పొందిన క్షమాపణను వాడు అచ్చట జ్ఞాపకము చేసికొనలేదు.

కాబట్టి నేను చెప్పునదేమనగా: డిక్రీని కొనినవాడు హక్కును మాత్రమే కొనలేదు, కనికరించు బాధ్యతను కూడ కొనెను. పాత ఋణదాత యొద్దకు పోయి వేడుకొనుటకు ఇక బాకీదారునికి దారి లేదు. కొనినవాడే ఆ తలుపు. వాటాకు పనిచేయువాని సంగతి వేరు. డిక్రీ అతనిది కాదు గనుక మాఫీ చేయు అధికారము అతనికి లేదు. అయితే బాకీదారుని ఇంట కన్నదానిని ఉన్నదున్నట్లు సొంతదారునికి చెప్పుట అతని విధి. వాటా పోవునని దాచినయెడల అతడు ఇద్దరికిని అపకారము చేసినవాడగును.

“కనికరించుచు కూర్చున్నయెడల నా పిల్లలేమి తిందురు?” అని యెవరైన అడుగుదురు. ఈ మాట కూడ న్యాయమే. దీనికి జవాబు వసూలు నాడు కాదు, కొనునాడే చెప్పుకొనవలెను. మొదట విచారింపుడి. బాకీదారుడు ఉండియు ఎగవేయువాడా, లేక లేనివాడా? లేనివాని మీది డిక్రీని కొననే వద్దు. అట్టిదానిని కొనినవాడు లాభము పొందుటకు వాని ఆకలిని పిండుట తప్ప వేరు దారి లేదు. ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలి కథలో (2 రాజులు 4:1–7) ప్రవక్త అప్పు అబద్ధమనలేదు, అప్పులవానిని తిట్టలేదు. నూనె అమ్మి మొదట అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలతో బ్రతుకుమనెను. అప్పు తీరవలెను, కుటుంబము బ్రతుకవలెను. ఈ రెండును కలిసిన వసూలే దేవునికి ఇష్టమైన వసూలు.

మోషే ధర్మశాస్త్రము ఋణదాత పాదములకు హద్దులు పెట్టినది. తిరుగటిని తాకట్టు పట్టరాదు, అది ప్రాణాధారము గనుక. ఋణస్థుని ఇంటిలోనికి చొరబడరాదు, బయట నిలువవలెను. బీదవాని వస్త్రమును ప్రొద్దుగ్రుంకులోగా మరల ఇయ్యవలెను. మన సివిల్ ప్రొసీజర్ కోడులోను ఇట్టి హద్దులే కలవు. 60వ సెక్షను ప్రకారము కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతిపనివాని పనిముట్లు, రైతు జీవనమునకు కావలసిన సేద్యపు సామగ్రి, పశువులు, విత్తనములు, రైతు కాపురముండు ఇల్లు, కూలివాని కూలి—ఇవి జప్తు చేయరాదు. సూర్యుడు అస్తమించినది మొదలు ఉదయించువరకు జప్తు కొరకు ఇంట ప్రవేశింపరాదు. సొమ్ము డిక్రీ మీద స్త్రీని అరెస్టు చేయరాదు. చెల్లించు శక్తి లేనివానిని బీదతనము కొరకు జైలుకు పంపరాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ గారు సుప్రీంకోర్టు తీర్పులో స్పష్టపరచిరి. ఈ సంగతులు తెలియని మన ప్రజలు అమీనా పేరు వినగానే వణకి, ఎద్దులనమ్ముకొనుచున్నారు. ఆ భయమును పెట్టుబడిగా చేసికొనువాడు చట్టమును మీరకపోయినను ధర్మమును మీరినవాడే. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చిన్న అప్పుల వసూళ్ల ఒత్తిడికి తాళలేక స్త్రీలు ప్రాణములు తీసికొన్నారన్న వార్తలు వచ్చి, ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. ఇంటి ముందర కూర్చుండి పరువు తీయుటవలన ఏమగునో ఆ సంవత్సరము మనకు నేర్పినది.

ఈ పని చేయదలచిన యౌవనస్థుడు ఈ నియమములను తన గోడకు వ్రాసి పెట్టుకొనవలెను:

1. అమ్మువానికి నీకు తెలిసినది దాచకుము.
2. కొనుటకు ముందు బాకీదారుని యొద్దకు పోయి, ఇంతవరకు ఎంత చెల్లించితివని అడుగుము. నిజముగా చెల్లినదానిని, రసీదు లేకపోయినను, తీసివేయుము.
3. లేనివాని మీది డిక్రీని కొనకుము. కొనిన తరువాత వాడు లేనివాడైనయెడల వాయిదా ఇమ్ము, తగ్గింపుము, అవసరమైన విడిచిపెట్టుము.
4. పుచ్చుకొనిన ప్రతి రూపాయికి రసీదు ఇచ్చి, కోర్టులో నమోదు చేయింపుము.
5. పెండ్లియింట, చావింట, దేవాలయము వాకిట, పిల్లల యెదుట బాకీ మాట ఎత్తకుము. రౌడీని వెంటబెట్టుకొని పోకుము.
6. ఇరువురును సంఘస్థులైనయెడల, 1 కొరింథీయులకు 6వ అధ్యాయము ప్రకారము, మొదట పెద్దల యెదుట కూర్చుండబెట్టుము.

ఈ నియమములతో లాభము తగ్గునని నాకు తెలియును. ఇంత తగ్గిన లాభముతో జీవింపలేనివాడు ఈ వ్యాపారము జోలికి పోకుండుట మేలు.

డిక్రీ చేతనున్న బీదలకు ఒక మాట. తొందరపడి అమ్ముకొనకుడి. 1987 చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. మీ కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంఘములో విచారింపుడి. అప్పుపడియున్నవారికి మరియొక మాట. నోటీసు వచ్చినప్పుడు దాగికొనకుడి. కోర్టుకు పోయి మీ స్థితి చెప్పుకొనుడి. ఉన్నది దాచి లేదనకుడి. చేతికిచ్చిన ప్రతి పైకమునకు రసీదు పుచ్చుకొనుడి.

పౌలు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రికలో, ఒనేసిము నీకు ఏమైన అచ్చియున్నయెడల దానిని నా లెక్కలో వేయుమని, తానే తీర్తునని స్వహస్తముతో వ్రాసియిచ్చెను. అప్పు లేదనలేదు; అప్పిచ్చినవానిని విడువలేదు; అప్పుపడినవానిని విడువలేదు. ఇద్దరి నడుమ నిలిచి భారమును తనపై వేసికొనెను. మన అందరి పత్రమును అట్లే తనపై వేసికొనిన ప్రభువు, రావలసినది అడుగునప్పుడు న్యాయమును, పుచ్చుకొనునప్పుడు కనికరమును మనకు దయచేయును గాక. ఆమేన్.